ఎముక నుంచి కారే రక్తాన్ని ఆపడం ఎలా: ఓటీలో (ఆపరేషన్ థియేటర్‌లో) కొత్తగా అడుగుపెట్టిన పీజీ డాక్టర్ల కోసం

కండరంలో రక్తనాళం తెగితే దాని గోడ ముడుచుకుంటుంది, కొస లోపలికి జారుతుంది. సగం పని ఒళ్లే చేసిపెడుతుంది. మిగతా సగానికి ఆర్టరీ ఫోర్సెప్స్, దారపు ముడి, నాళాన్ని వేడితో మాడ్చి మూసే కాటరీ ఉన్నాయి. ఎముక దగ్గర ఇవి పెద్దగా అక్కరకు రావు. అక్కడి సన్న నాళాలు గట్టి గోడల మధ్య ఇరుక్కుని ఉంటాయి. కోశాక ముడుచుకోవడానికి చోటుండదు, నోళ్లు తెరుచుకునే ఉండిపోతాయి. పట్టుకుందామంటే ఫోర్సెప్స్‌కు అందవు. కాటరీ తాకిస్తే పైన ఎముక మాడుతుంది, కింద నుంచి రక్తం ఊరుతూనే ఉంటుంది. జల్లెడలా ఉండే లోపలి క్యాన్సలస్ ఎముకలో ఈ బాధ మరీ ఎక్కువ. మొదటి ఏడాదిలో చాలామంది ఆ జల్లెడ మీద కాటరీ పెడల్ నొక్కుతూ నిమిషాలు పోగొట్టుకుంటారు.

కాబట్టి మనకున్నవి మూడు దారులు. నాళం నోటిని బయటి నుంచి మూసేయడం, రక్తం గడ్డకట్టడానికి ఆసరా ఇవ్వడం, వెనక నుంచి తోస్తున్న ఒత్తిడిని తగ్గించడం. ఇందులో ఏది పట్టాలన్నది ఆ ఎముక తర్వాత చేయాల్సిన పనిని బట్టి ఉంటుంది. చేతిలోకి ఏదైనా తీసుకునే ముందు మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ చోటు రేపు అతుక్కోవాలా, అక్కర్లేదా? కింద చెప్పినవన్నీ ఆ ప్రశ్న చుట్టూ తిరిగేవే.

ముందు రోజులోనే మొదలుపెట్టండి

రక్తస్రావం తగ్గించే పనిలో మంచి భాగం ఓటీ బయటే జరుగుతుంది. ముందుగా నిర్ణయించుకుని చేసే ఆపరేషన్ అయితే హీమోగ్లోబిన్ కొన్ని వారాల ముందే చూడండి. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం ఉంది. మన దగ్గరికి మోకాలు మార్పిడికో, వెన్ను ఆపరేషన్‌కో వచ్చే ఆడవాళ్లలో చాలామంది తక్కువ నిల్వతోనే వస్తారన్నమాట. ఐరన్ లోపం ఉంటే దాన్ని సరిచేసి, ఆ తర్వాతే తేదీ ఇవ్వండి. ఆపరేషన్ ముందురోజు రెండు బాటిళ్ల రక్తం ఎక్కించి సంఖ్యను పెంచడం దానికి బదులు కాదు.

రక్తాన్ని పలచబరిచే మందులేమైనా ఉన్నాయేమో, మందుల చీటీ మీరే స్వయంగా చూడండి. క్లోపిడోగ్రెల్ సాధారణంగా 5 రోజుల ముందు ఆపుతారు. వార్ఫరిన్ కూడా 5 రోజులు ఆపి, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరును చూపే కొలత) 1.5 లోపు ఉందని చూసుకుంటారు. కిడ్నీలు బాగుంటే అపిక్సాబాన్, రివరాక్సాబాన్‌లకు రక్తం ఎక్కువగా పోయే ఆపరేషన్ల ముందు 48 గంటలు సరిపోతాయి. గుండెలో స్టెంట్ ఉన్నవాళ్లకు మాత్రం కార్డియాలజిస్టుతో మాట్లాడకుండా ఏదీ ఆపొద్దు. తుంటి విరిగిన వృద్ధులకు క్లోపిడోగ్రెల్ దిగేదాకా అని ఆపరేషన్‌ను రోజుల తరబడి వాయిదా వేయడం, కారే రక్తం కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది.

కిడ్నీ, థైరాయిడ్ క్యాన్సర్లు ఎముకకు పాకితే ఆ గడ్డలో రక్తనాళాలు విపరీతంగా ఉంటాయి. అలాంటి గడ్డను గీకబోతున్నారంటే ముందే ఇంటర్వెన్షనల్ రేడియాలజీ వాళ్లతో మాట్లాడి, ఆపరేషన్‌కు ముందు 24–48 గంటల లోపు ఎంబలైజేషన్ (గడ్డకు పోయే నాళాలను లోపలి నుంచి మూసేయడం) చేయించండి. తొడ ఎముకలో మచ్చ కనిపించి, మూలం ఎక్కడో తేలకపోతే, తేలేదాకా దాని మీద కత్తి పెట్టకండి.

అనస్థీషియా డాక్టర్‌తో ముందే తేల్చుకోవాల్సినవి

ట్రానెక్సమిక్ యాసిడ్ గురించి ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. కట్టిన గడ్డ త్వరగా కరిగిపోకుండా కాపాడే ఈ మందును జపాన్‌లో షోసుకే ఒకమోటో, ఉటాకో ఒకమోటో దంపతులు కనుగొన్నారు, 1962లో ప్రచురించారు. గాయపడిన 20 వేల మందికి పైగా రోగులతో జరిగిన క్రాష్-2 అధ్యయనం 2010లో దీని విలువను గట్టిగా నిరూపించింది. ఎముక ఆపరేషన్లలో ఇప్పుడిది రోజువారీ మందు. పెద్దవాళ్లకు కోత పెట్టక ముందు 1 గ్రాము, లేదా కిలోకు 10–15 మి.గ్రా., నరంలోకి 10 నిమిషాల పాటు నెమ్మదిగా ఇస్తారు. వేగంగా తోస్తే బీపీ పడిపోతుంది. కిడ్నీ జబ్బు ఉంటే మోతాదు తగ్గించాలి. మూర్ఛ ఉన్నవాళ్ల విషయంలో జాగ్రత్త.

ఈ మందుతో జరిగే అతి ఘోరమైన పొరపాటు ట్రాలీ మీద జరుగుతుంది. స్పైనల్‌కు (వెన్నులోకి ఇచ్చే మత్తుకు) తీయాల్సిన బుపివకెయిన్ ఆంపుల్ బదులు ట్రానెక్సమిక్ ఆంపుల్ తీసి వెన్నులోకి ఎక్కించిన ఘటనలు చాలా దేశాల్లో జరిగాయి. వెంటనే మూర్ఛలు, గుండె లయ తప్పడం, చాలామంది విషయంలో మరణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో దీని మీద ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేసింది. మీ ఓటీలో ఈ రెండు ఆంపుళ్లూ ఒకే ట్రేలో ఉంటే ఈరోజే వేరు చేయించండి. అది అనస్థీషియా వాళ్ల పని అని ఊరుకోవద్దు.

ఇక ఒంటి వేడి. 36 డిగ్రీల సెల్సియస్ కిందికి జారితే ప్లేట్‌లెట్లు, గడ్డకట్టించే ఎంజైములు మందగిస్తాయి. ఏసీ బిగించి, చల్లని సెలైన్ లీటర్లకొద్దీ పోసి కడిగితే గాయం ఊరుతూనే ఉంటుంది. వెచ్చని సెలైన్ అడగండి. వేడిగాలి దుప్పటి ఉంటే వేయించండి.

పడుకోబెట్టే తీరు కూడా రక్తాన్ని శాసిస్తుంది. వెన్నుపూస చుట్టూ ఉన్న సిరల్లో కవాటాలుండవు. బోర్లా పడుకోబెట్టినప్పుడు పొట్ట బల్లకు ఒత్తుకుంటే ఆ ఒత్తిడంతా నేరుగా వెన్నులోకి పోతుంది, కోసిన ప్రతిచోటా నల్లటి రక్తం పొంగుతుంది. ఫ్రేమ్ మీదో, దిండ్ల మీదో ఛాతీని, కటిని ఆనించి, పొట్ట కింద చెయ్యి దూరేంత ఖాళీ ఉందని మీరే పెట్టి చూడండి. ఖర్చు లేని ఈ ఒక్క పని ఖరీదైన సీలెంట్ల కన్నా ఎక్కువ మేలు చేస్తుందని నా గట్టి నమ్మకం. బీపీని కావాలని తగ్గించి ఉంచడం కుర్రవాళ్లలో పనిచేస్తుంది. వృద్ధుల్లో, ఎప్పటినుంచో బీపీ ఉన్నవాళ్లలో, వెన్నుపాము మీద ఒత్తిడి ఉన్నవాళ్లలో ఆ జోలికి పోకపోవడమే మంచిది.

టోర్నికే

టోర్నికే అంటే ఆపరేషన్ వేళ చేతికో కాలికో రక్తం రాకుండా కట్టే బిగింపు పట్టీ. దాని ఒత్తిడి చేతికి పై బీపీ కన్నా 50–75, తొడకు 100–150 మి.మీ. ఎక్కువ సరిపోతుంది. అందరికీ ఒకే అంకె పెట్టడం కండరానికి, నరానికి మంచిది కాదు. రెండు గంటలు దాటనివ్వకండి, సమయం బోర్డు మీద రాయించండి. ఆదిలాబాద్, భద్రాచలం, పాడేరు, రంపచోడవరం వైపు నుంచి వచ్చే గిరిజన రోగులకు టోర్నికే కట్టే ముందు సికిల్ సెల్ పరీక్ష జరిగిందో లేదో చూడండి. ఆ ప్రాంతాల్లో ఈ జబ్బు ఉంది, బిగించిన కాలులో ఆక్సిజన్ తగ్గితే ఎర్ర రక్తకణాలు వంకర తిరుగుతాయి.

రక్తం కనబడగానే

ముందు చూడండి. ఎర్రగా, నాడితో పాటు కొట్టుకుంటూ ఒకే చోటు నుంచి వస్తోందా? అది ఎముకలోకి దూరే పోషక ధమని కావొచ్చు. నల్లగా, మొత్తం ఉపరితలం నుంచి ఊరుతోందా? అది మజ్జ. ఎముక అంచున పొర నుంచి వస్తోందా? పెరియాస్టియం (ఎముకను కప్పి ఉండే పొర) నాళాలకు కాటరీ బాగానే పనిచేస్తుంది, అక్కడ వాడుకోండి.

తర్వాత ఒత్తండి. వెచ్చని సెలైన్‌లో ముంచి పిండిన మాప్‌ను (మడత గుడ్డను) ఊరుతున్న చోట పెట్టి, అరచేత్తో సమంగా అదిమి, గడియారం చూసి 5 నిమిషాలు ఉంచండి. అర నిమిషానికోసారి ఎత్తి చూస్తే అప్పుడే కడుతున్న గడ్డను మీరే పీకేసినట్టు. ఎత్తేటప్పుడు గుడ్డను తడిపి, పక్క నుంచి మెల్లగా తియ్యండి. ఆ సమయంలో అవతలి వైపు పని చేసుకోండి. మాప్‌ను పలచని అడ్రినలిన్ ద్రావణంలో ముంచి వాడే అలవాటు ఉంటే మోతాదు అనస్థీషియా డాక్టర్‌కు ముందుగా చెప్పాలి.

హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో నురగ తెప్పించి కడగడం మన ఓటీల్లో పాత అలవాటు. తొడ ఎముక లోపలి గొట్టం వంటి మూసుకున్న చోట దాన్ని పోయకండి. పుట్టే ఆక్సిజన్ బుడగలు తెరుచుకున్న సిరల్లోకి పోయి ప్రాణాంతకమైన ఎంబలిజం (నాళంలో అడ్డు) కలిగించిన కేసులు నమోదయ్యాయి.

బోన్ వ్యాక్స్ (ఎముకకు రాసే మైనం): ఎలా, ఎంత, ఎక్కడ

లండన్‌లో మెదడు ఆపరేషన్లు చేసిన విక్టర్ హార్స్‌లీ 1892లో పుర్రె ఎముక రక్తాన్ని ఆపడానికి తేనెమైనం 7 పాళ్లు, బాదం నూనె 1 పాలు, కొద్దిగా సాలిసిలిక్ యాసిడ్ కలిపిన ముద్దను వివరించాడు. నేటి ప్యాకెట్‌లోదీ ముఖ్యంగా తేనెమైనమే, మెత్తబరిచే పదార్థం మాత్రం మారింది. రక్తం గడ్డకట్టడంలో దీనికి పాత్ర ఏమీ లేదు. నోటికి బిరడా వేస్తుంది, అంతే. ఒంట్లో కరగదు. ఈరోజు పెట్టింది పదేళ్ల తర్వాత తెరిచినా అక్కడే ఉంటుంది. దీని మంచీ చెడూ రెండూ ఇక్కడి నుంచే వస్తాయి.

వాడే పద్ధతి ఇది. ప్యాకెట్‌ను వాడబోయే ముందే తెరవమనండి. గట్టిగా ఉంటే తడి గ్లోవ్ వేళ్ల మధ్య పిసకండి. పొడి గ్లోవ్‌కు అంటుకుని ఎముక మీదికి రాదు. శనగగింజంత ముద్ద చాలు. సహాయకుడు సక్షన్‌తో చోటును ఆరబెట్టగానే, మళ్లీ తడి ఊరకముందే, బొటనవేలితోనో పెరియాస్టియల్ ఎలివేటర్ మొండి అంచుతోనో రంధ్రాల్లోకి అదిమి రుద్దండి. ముద్దను పైన అతికించడం కాదు, లోపలికి దూర్చాలి. ఆగాక పైన మిగిలినదాన్ని గీకి తీసేయండి. సెలైన్‌తో కడిగి మరోసారి చూడండి. సరిగ్గా పెడితే ఎముక మీద మైనం పలచని మెరుపుగా తప్ప కనబడదు. తెల్లటి గుట్టగా కనబడుతోందంటే ఎక్కువైనట్టే.

మిగిలిన ముక్కను మరో కేసుకు దాచడం, మళ్లీ స్టెరిలైజ్ చేయడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఖర్చు గురించి ఎవరైనా నసిగినా సరే.

ఇక ఎక్కడ వద్దో చెప్తాను. విరిగిన ఎముక కొసల మీద వద్దు. ఆస్టియాటమీ చేసిన, అంటే ఎముకను కోసి సరిచేసిన, చోట వద్దు. వెన్నుపూసలు ఫ్యూజన్ కావాల్సిన, అంటే ఒకటిగా అతుక్కోవాల్సిన, చోట వద్దు. సిమెంటో, ఇంప్లాంటో ఆనుకోవాల్సిన ఉపరితలం మీద వద్దు. మైనం పొర ఉన్నచోట కొత్త ఎముక పుట్టదు. బయటికి పొడుచుకొచ్చిన ఫ్రాక్చర్లలో, చీము పట్టిన ఎముకలో అసలే వద్దు. మైనం ఉన్న ఎముక బ్యాక్టీరియాను వదిలించుకోలేకపోతుందని జంతువుల మీద జరిగిన ప్రయోగాల్లో తేలింది. వెన్నుపాము, నరాల మొదళ్ల పక్కన పెట్టిన ముద్ద జరిగి ఒత్తిడి కలిగించిన కేసులూ ఉన్నాయి. అతుక్కోవాల్సిన అవసరం లేని పుర్రె అంచులు, తొలగించిన ఎముక మొండాలు, ఆంప్యుటేషన్‌లో కోసిన కొసలు దీనికి సరైన చోట్లు.

మైనం పెట్టకూడని చోట ఏం పెట్టాలి

అన్నిటికన్నా ముందు రోగి ఎముకనే గుర్తుంచుకోండి. రోంజూర్‌తో (ఎముకను కొరికి తీసే పరికరంతో) తీసిన క్యాన్సలస్ ముక్కలను పారేయకుండా పక్కన ఉంచి, ఊరుతున్న ఖాళీలో నింపి అదిమితే రక్తమూ ఆగుతుంది, అతుక్కోవడానికీ పనికొస్తుంది. మోకాలు మార్పిడిలో తొడ ఎముకలోకి రాడ్ దూర్చడానికి చేసిన రంధ్రాన్ని అక్కడ కోసిన ఎముకతోనే బిరడా చేసి మూసేయండి. ఈ చిన్న పని మర్చిపోతే రాత్రంతా డ్రెయిన్ నిండుతుంది.

జెలటిన్ స్పాంజి, అంటే మనం జెల్‌ఫోమ్ అనేది, 4–6 వారాల్లో కరిగిపోతుంది. సెలైన్‌లోనో, త్రాంబిన్ అనే గడ్డకట్టించే ఎంజైములోనో ముంచి, గాలి బుడగలు పోయేలా పిండి పెట్టండి. పైన తడి గాజ్ ఉంచి కొన్ని నిమిషాలు అదమండి. ఇది రక్తం పీల్చి ఉబ్బుతుంది. వెన్నుపాము పక్కన ఇరుకు చోట ఉబ్బితే నరం నలుగుతుంది కాబట్టి, అక్కడ రక్తం ఆగాక తీసేయాలి. సర్జిసెల్ వంటి ఆక్సిడైజ్డ్ సెల్యులోజ్ పొడిగా వాడాలి, రక్తం తగలగానే నల్లబడుతుంది. దానికి ఆమ్ల గుణం ఉంది, అందుకే త్రాంబిన్‌లో ముంచి వాడితే త్రాంబిన్ చచ్చిపోతుంది. ఈ కలయిక ఓటీల్లో తరచు కనబడుతుంది, డబ్బు దండగ. విరిగిన ఎముక సందులో సెల్యులోజ్‌ను వదిలేయకండి, ఎముక అతుకు కట్టకుండా అడ్డుపడుతుంది.

జెలటిన్, త్రాంబిన్ కలిసి సిరంజిలో వచ్చే పేస్టు ఖరీదైనదే కానీ, లోతుగా, కంటికి కనబడని చోట ఊరుతున్నప్పుడు దానికి సాటి లేదు. అది పనిచేయాలంటే అక్కడ రక్తం ఊరుతూ ఉండాలి, ఆరిన చోట పెట్టి లాభం లేదు. పెట్టి, తడి గాజ్‌తో 2 నిమిషాలు అదిమి, మిగులును మెల్లగా కడిగేయండి. తెరుచుకున్న సిర నోట్లోకి దాన్ని ఎక్కించకండి. త్రాంబిన్ రక్తప్రవాహంలోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. సెల్ సేవర్ (కారిన రక్తాన్ని శుభ్రం చేసి తిరిగి ఎక్కించే యంత్రం) నడుస్తుంటే, ఇలాంటి పదార్థాలు పెట్టిన క్షణం నుంచి ఆ గాయంలోని రక్తాన్ని అందులోకి లాగొద్దు.

చోటు మారితే తీరు మారుతుంది

ఇలియాక్ క్రెస్ట్ (తుంటి ఎముక పై అంచు) నుంచి గ్రాఫ్ట్ (మరోచోట పెట్టే ఎముక ముక్క) తీశాక మిగిలే గుంట బాగా ఊరుతుంది. అక్కడ మైనం కన్నా జెలటిన్ స్పాంజి నింపి, కండరాన్ని గట్టిగా కుట్టి మూయడం నాకిష్టం. వెనక నుంచి గ్రాఫ్ట్ తీసేటప్పుడు సయాటిక్ నాచ్ (కటి ఎముక వెనక గాడి) వైపు పోకండి. అక్కడ సుపీరియర్ గ్లూటియల్ ధమని తెగితే కటి లోపలికి జారిపోతుంది, పైనుంచి దొరకదు.

వెన్నుపూసలో స్క్రూ కోసం చేసిన పెడికిల్ రంధ్రంలోంచి నల్ల రక్తం పొంగితే కంగారు పడక్కర్లేదు. స్క్రూ సిద్ధంగా ఉంటే వేసేయండి, అదే బిరడా. ఎర్రగా ఎగజిమ్మితే మాత్రం స్క్రూ వేసి దాచేయకుండా, ఆగి, సీనియర్‌ను పిలిచి, ఏ నాళమో తేల్చుకోండి.

పుర్రె విషయంలో రక్తం పోవడంతో పాటు గాలి లోపలికి పోవడమూ భయమే. తల ఎత్తి ఉంచిన భంగిమలో ఎముకలోని సిరలు గాలిని లాగేస్తాయి. అందుకే అంచులకు ఎప్పటికప్పుడు మైనం రాయాలి. మానిటర్ మీద ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ ఉన్నట్టుండి పడిపోయిందని అనస్థీషియా డాక్టర్ చెబితే, గాయాన్ని సెలైన్‌తో నింపండి, తల దించమనండి, మైనం రాయండి. ప్రశ్నలు తర్వాత.

చెవి వెనక మాస్టాయిడ్ తొలిచేటప్పుడు డైమండ్ బర్‌ను (వజ్రపు పొడి అద్దిన డ్రిల్ మొనను) నీళ్లు ఆపి రెండు మూడు సెకన్లు తాకిస్తే ఎముక పొడి, వేడి కలిసి చిన్న నాళాలను మూసేస్తాయి. ఎక్కువసేపు వద్దు. ఎముక 47 డిగ్రీల దగ్గర ఒక నిమిషం ఉన్నా చాలు, దెబ్బతింటుందని 1983 నాటి ఎరిక్సన్, ఆల్‌బ్రెక్ట్‌సన్ ప్రయోగాలు చూపించాయి. ముఖ నరం దగ్గర్లో ఉంటే అసలు చేయకండి.

గుండె ఆపరేషన్‌లో చీల్చిన స్టెర్నమ్ (రొమ్ము ఎముక) మళ్లీ అతుక్కోవాలి, ఇన్ఫెక్షన్ వస్తే ప్రాణం మీదికొస్తుంది. అక్కడ మైనం ఎంత తక్కువైతే అంత మేలు. పన్ను పీకిన గుంటలో గాజ్ అరగంట కొరికి పట్టినా ఆగకుండా, చిగురు నుంచి కాక ఎముకలోని చిన్న రంధ్రం నుంచి వస్తుంటే, మొండి పరికరంతో ఆ చోట ఎముకను నొక్కి నలపండి. చాలాసార్లు అంతటితో ఆగుతుంది. లేకపోతే జెలటిన్ స్పాంజి పెట్టి 8 ఆకారంలో కుట్టు వేయండి.

ఎంత చేసినా ఆగకపోతే

పోయిన రక్తాన్ని కంటితో అంచనా వేస్తే తక్కువే చెబుతాం. మాప్‌లను తూకం వేయించండి. పొడి బరువు తీసేస్తే ఒక గ్రాముకు సుమారు ఒక మి.లీ. రక్తం. సక్షన్ బాటిల్‌లో కడిగిన సెలైన్‌ను లెక్కలోంచి తీసేయండి. డ్రేప్‌ల కింద, నేల మీద ఉన్నదీ చూడండి.

అన్ని చోట్లా, కోత అంచుల నుంచి కూడా ఊరుతోందంటే లోపం ఎముకలో లేదు, రక్తంలో ఉంది. ఇక మైనం వెతుక్కోవద్దు. గట్టిగా ప్యాక్ చేసి ఒత్తి పట్టుకోండి, సాయం పిలవండి. వేడి, కాల్షియం, ఫైబ్రినోజెన్, ఆమ్లత చూడమనండి. రక్త కణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి సమపాళ్లలో వెళ్లేలా బ్లడ్ బ్యాంక్‌కు చెప్పండి. జిల్లా ఆసుపత్రిలో ప్లేట్‌లెట్లు, క్రయో (గడ్డకట్టించే ప్రొటీన్లున్న రక్తభాగం) వెంటనే దొరకవనుకుంటే పెద్ద కేసు మొదలుపెట్టే ముందే ఎక్కడి నుంచి తెప్పించాలో మాట్లాడి ఉంచండి. ప్యాక్ పెట్టి, పైపైన మూసి, ఐసీయూలో నిలబెట్టి, 24–48 గంటల తర్వాత తిరిగి తెరవడం ఓటమి కాదు. కటి లోపలి ధమని నుంచి వస్తుంటే ఎంబలైజేషన్ కోసం పంపాలి.

మూసే ముందు

బీపీ తగ్గించి ఉంచి ఉంటే మామూలుకు రానివ్వండి. టోర్నికే ఉంటే, తీశాక ఒకసారి ఎముక ఉపరితలాలన్నీ చూసి మూయడమే నా పద్ధతి. చాలామంది కట్టి ఉండగానే మూస్తారు, అదీ తప్పు కాదు. మీ యూనిట్ పద్ధతిని అనుసరించండి, కానీ ఎముకను ఒకసారి చూడకుండా మాత్రం మూయకండి. విడివిడిగా పడి ఉన్న మైనం ముక్కలు, జెలటిన్ పేస్టు మిగులు కడిగేయండి. స్పాంజి లెక్క, ప్యాటీల (చిన్న దూది గుడ్డల) లెక్క సిస్టర్ నోటి నుంచి వినండి.

ఆపరేషన్ నోట్‌లో ఏ పదార్థం, ఏ చోట, ఎంత వదిలారో రాయండి. బోన్ వ్యాక్స్ ఎక్స్‌రేలో కనబడదు. సెల్యులోజ్, జెలటిన్ కొన్ని రోజుల తర్వాత తీసిన స్కాన్‌లో గాలి బుడగలతో చీముగడ్డలా కనిపించి, రోగిని అనవసరంగా మళ్లీ ఓటీకి తెస్తాయి. రేడియాలజిస్టుకు ఆ ఒక్క వాక్యం దొరికితే చాలు. డిశ్చార్జి కాగితంలో కూడా అదే వాక్యం ఉండాలి, ఎందుకంటే ఆర్నెల్ల తర్వాత ఆ రోగి మరో ఊళ్లో మరో డాక్టర్ ముందు కూర్చోవచ్చు.